ఉప్పెనకు యాభై ఏళ్లు: చెదిరిన నేస్తాల కోసం కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,
మచిలీపట్నం.

విషయం: 2027 నవంబరు 19న దివిసీమ ఉప్పెనకు యాభై ఏళ్లు నిండే సందర్భాన్ని పాత స్నేహితులు తిరిగి కలుసుకునే రోజుగా జరపాలని, తుఫాను సన్నాహాల్లో స్నేహబంధాలకు స్థానం కల్పించాలని వినతి.



1977 నవంబరు 19, శనివారం నాడు కృష్ణా జిల్లా తీరంలోని దివిసీమను తాకిన తుఫాను వెంట ఉప్పెన వచ్చింది. ఉప్పెన అంటే పెనుగాలి తోపుడుకు సముద్రమట్టం పెరిగి, నీరు మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చి ఊళ్లను ముంచే ఉపద్రవం. ఆ రోజు నీరు సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లోని సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది ప్రాణాలు పోయాయి. అయినవారిని పోగొట్టుకుని మిగిలినవారిలో కొందరు పునరావాస కాలనీలకు, కొందరు బంధువుల ఊళ్లకు, మరికొందరు కూలి దొరికే పట్నాలకు చెదిరిపోయారు. 2027 నవంబరు 19కి ఆ ఘోరానికి యాభై ఏళ్లు నిండుతాయి. స్మారక స్థూపాల దగ్గర పూలమాలలు, మౌనం, ప్రసంగాలు ఎలాగూ ఉంటాయి, ఉండవలసినవే. వాటితో సరిపెట్టకుండా, బతికి ఉన్నవారికి ఆ రోజు చేయగల మేలు ఒకటుందని, అది విడిపోయిన స్నేహితులను ఒకచోటికి చేర్చడమని విన్నవించడం ఈ లేఖ ఉద్దేశం.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన తరవాత కూడా దివిసీమ, బందరు (మచిలీపట్నం), గుడివాడ, బంటుమిల్లి ప్రాంతాలు కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి, ఈ పని ఒకే జిల్లా యంత్రాంగం చేతిలో ఉంది. ఈ ప్రాంతానికి తుఫాను అప్పుడప్పుడు వచ్చిపోయే ఆపద కాదు, బతుకులో భాగమైన ఆపద. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను తీవ్రతలో 1977 నాటి దానికి తీసిపోనిదే అయినా, హెచ్చరికలు ముందుగా అందడం వల్ల, లక్షకు పైగా జనాన్ని తరలించడం వల్ల, ఆశ్రయ భవనాలు అప్పటికే లేచి ఉండడం వల్ల మరణాలు వెయ్యి లోపే ఆగాయి. ప్రాణం కాపాడే విద్యలో ప్రభుత్వం ఎంత దూరం వచ్చిందో ఈ అంకెలే చెబుతాయి. ప్రాణం మిగిలిన మనిషికి ఆ తరవాత బతుకు మీద నమ్మకం ఎలా మిగులుతుందన్న ప్రశ్నకు మాత్రం ఏ పునరావాస పథకంలోనూ ఒక పద్దు కనిపించదు.

ఆ నమ్మకానికి పరీక్ష ఉప్పెన వంటి మహావిపత్తులోనే ఎదురవుతుందనుకోవడం సరికాదు. బంటుమిల్లి పరిసరాల్లో నవంబరు, డిసెంబరు నెలలు సార్వా వరి కోతల కాలం. కోసిన పనలు చేలో ఆరుతున్నప్పుడు వాయుగుండం పడితే, రెండు రోజుల ముసురుకే పనలు నీళ్లలో నాని, కంకి మీదనే గింజ మొలకెత్తుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టా రైతు చూసింది ఈ దృశ్యమే. సొంత పొలం ఉన్నవాడు ఒక పంట పోగొట్టుకుంటే, కౌలుదారు, అంటే ఇతరుల భూమిని మక్తాకు తీసుకుని సాగుచేసేవాడు, పంటతో పాటు పెట్టుబడికి తెచ్చిన అప్పునూ మక్తా బాకీనీ మిగుల్చుకుంటాడు. చేపల చెరువులో తెల్లవారుజామున చేప తేలినా, రొయ్యకు తెగులు తగిలినా, పెడనలో కలంకారీ అద్దకానికి పని తగ్గినా ఇంటింటి కష్టం ఇదే పోలికలో ఉంటుంది. అటువంటి వేళ చేబదులు అడగడానికి కూడా మొహం చెల్లక, ఊళ్లో పరువు పోతుందని నోరు మెదపక, రాత్రిళ్లు నిద్ర పట్టక గడిపేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారితో ఒకే బడిలో చదివి, ఒకే కాలవలో ఈత నేర్చిన నేస్తాలేమో హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటూ, పెళ్లికో కర్మకాండకో తప్ప ఊరి మొహం చూడలేని స్థితిలో ఉన్నారు.

కష్టకాలంలో పాత స్నేహితుణ్ని చేరుకోవడం, దేవుణ్ని నమ్ముకోవడం వేరు వేరు పనులు కావని ఈ గడ్డ తరతరాలుగా విన్న కథలు చెబుతున్నాయి. మొవ్వలోనూ హంసలదీవిలోనూ వేణుగోపాలుడు, శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కొలువై ఉన్న ఈ ప్రాంతంలో, భాగవతం దశమ స్కంధంలోని కుచేలుడి కథ హరికథగా వినని పల్లె ఉండదు. ఆ కథను పేదవాడు ధనవంతుడైన కథగా చెప్పుకోవడం అలవాటై, అందులోని అసలు ఘట్టం వెనకబడిపోయింది. కట్టుబట్ట చిరిగిన ఆ బ్రాహ్మణుడు, భార్య ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి తెచ్చి గుడ్డలో మూటకట్టిన నాలుగు పిడికిళ్ల అటుకులతో ద్వారకకు వెళ్లినప్పుడు, కృష్ణుడు ఎదురువచ్చి కౌగిలించుకుని, పాన్పు మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, ఆ తరవాత పాత రోజుల ముచ్చట మొదలుపెడతాడు. ఆ ముచ్చటలో ఆయన విశేషంగా తలుచుకున్నది ఆటపాటలను కాదు, ఒక గాలివాన రాత్రిని. సాందీపని ఆశ్రమంలో చదువుకునే రోజుల్లో గురుపత్ని కట్టెలు తెమ్మని పంపగా, అడవిలో ఉండగానే కాలం కాని కాలంలో పెనుగాలి, ఉరుములు, కుండపోత మొదలై, పొద్దు గుంకి, ఎటు చూసినా నీరే అయి, పల్లమేదో మెరకేదో తెలియని చీకటిలో, పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తెల్లవారేదాకా తిరిగారు. పొద్దు పొడిచాక గురువు వెతుక్కుంటూ వచ్చి వారిని చూసి కరిగిపోయాడు. ఏళ్ల తరవాత కలిసిన స్నేహితుల మధ్య గుర్తుగా నిలిచినది ఆ రాత్రి, ఆ చీకట్లో పట్టుకున్న చెయ్యి. 1977 నవంబరు 19 రాత్రి తాటిచెట్టునో, ఇంటి దూలాన్నో, పక్కవాడి చేతినో పట్టుకుని తెల్లవార్చిన దివిసీమ వాసికి ఈ ఘట్టం పురాణంలా వినిపించదు.

ఈ కథలో పరిపాలనకు పనికివచ్చే మరో సూక్ష్మం ఉంది. కుచేలుడు అక్కడ ఏమీ అడగలేదు. ఆ సిరిసంపదల మధ్య అటుకుల మూట బయటపెట్టడానికి సిగ్గుపడి దాచుకున్నాడు. దాన్ని గమనించి, చొరవగా లాక్కుని, ఒక పిడికెడు నోట వేసుకున్నది కృష్ణుడే. నిజంగా అవసరం ఉన్నవాడు చాలాసార్లు అర్జీ పెట్టడు. పెట్టినా అసలు సంగతి అందులో రాయడు. దరఖాస్తుల ఆధారంగా తయారయ్యే సహాయ జాబితాల్లో నోరున్నవాడి పేరు ముందుకు వస్తుంది, మూట దాచుకున్నవాడి పేరు రాదు. ఆ మూట సంగతి పసిగట్టగలిగేది గణాంకాలు రాసుకునే ఉద్యోగి కన్నా, ఆ మనిషి నవ్వెప్పుడు నిజమో ఎప్పుడు కాదో చిన్నప్పటి నుంచీ ఎరిగిన నేస్తమే. బంటుమిల్లిలో బస్సు దిగిన పాత మిత్రుడు, "ఏరా, ఇలా చిక్కిపోయావేం? పొలం ఏమైందిరా?" అని అడిగిన ఒక్క ప్రశ్నకు, అధికారి ముందు అరగంట కూర్చున్నా బయటికి రాని జవాబు వస్తుంది.

దీనికి ఎదురు కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. ద్రోణుడు, ద్రుపదుడు ఒకే ఆశ్రమంలో పెరిగిన స్నేహితులు. పేదరికంలో కుంగిన ద్రోణుడు పాంచాల రాజైన మిత్రుణ్ని వెతుక్కుంటూ వెళితే, రాజుకూ పేదకూ స్నేహమేమిటని ద్రుపదుడు కొట్టిపారేశాడు. ఆ ఒక్క తిరస్కారం పగగా మారి, ద్రుపదుణ్ని బంధించి అర్ధరాజ్యం తీసుకోవడం దగ్గర మొదలై, కురుక్షేత్రంలో ద్రుపదుడి కొడుకు ధృష్టద్యుమ్నుడి చేతిలో ద్రోణుడి చావుతో గాని ఆగలేదు. కష్టంలో వచ్చిన స్నేహితుణ్ని గడప దగ్గర ఎలా పలకరించాలన్నది ఇద్దరి సొంత వ్యవహారంగా కనిపించినా, దాని ఫలం ఊరంతా పంచుకోవలసి వస్తుందని వ్యాసుడు ఈ ఇద్దరి కథగా చెప్పాడు.

కష్టంలో ఉన్న నేస్తాన్ని చేరుకోవాలన్న ఈ భావం డెల్టాలో పెద్ద సంఖ్యలో ఉన్న క్రైస్తవ కుటుంబాలకు బైబిలు నుంచి తెలుసు. సౌలు రాజు ప్రాణం తీయడానికి వెంటాడుతుండగా దావీదు జీఫు అరణ్యంలో దాక్కుని ఉన్నప్పుడు, అదే సౌలు కొడుకైన యోనాతాను అతణ్ని వెతుక్కుంటూ అడవికి వెళ్లి, దేవుడి మీద అతని నమ్మకాన్ని గట్టిపరిచాడని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. యోనాతాను సైన్యాన్ని తీసుకువెళ్లలేదు, దాక్కోవడానికి కోట చూపించలేదు. వెళ్లాడు, కలిశాడు, భయపడవద్దన్నాడు, ఒప్పందం చేసుకుని తిరిగి వచ్చాడు. యోబు గ్రంథం ఇందుకు ఒక హెచ్చరికను జోడిస్తుంది. సర్వం పోగొట్టుకున్న యోబును చూడడానికి వచ్చిన ముగ్గురు మిత్రులు మొదటి ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. అది సరైన స్నేహం. ఆ తరవాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసి ఉంటావు కాబట్టే ఈ శిక్ష అని వాదించారు. గ్రంథం చివర దేవుడు కోపగించినది ఆ వాదన మీదనే. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దైవసంకల్పం గురించి వ్యాఖ్యానం చెప్పే అర్హత ఏ పూజారికీ, పాస్టరుకూ, మౌల్వీకీ లేదు. పక్కన కూర్చునే అర్హత మాత్రం ఎవరికైనా ఉంది.

దేవుణ్ని నమ్ముకోవడం అన్న మాటకు చేతులు ముడుచుకోవడమన్న అర్థం తీసేవారు రెండు వైపులా ఉన్నారు: నమ్మకం లేనివారు దాన్ని సోమరితనమంటారు, నమ్మకం ఉన్నవారిలో కొందరు తుఫాను హెచ్చరిక వచ్చినా ఇల్లు కదలకుండా భారమంతా దేవుడి మీద వేస్తారు. శాస్త్రాలు ఈ రెంటినీ ఒప్పుకోవు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో శరణాగతికి, అంటే తనను తాను భగవంతుడికి అప్పగించుకోవడానికి, ఆరు అంగాలు చెప్పారు; వాటిలో ఒకటైన మహావిశ్వాసం, అంటే రక్షిస్తాడన్న తిరుగులేని నమ్మకం, ఒంటరిగా నిలవదు; మేలైన దానినే చేయాలన్న సంకల్పం, కీడైన దాన్ని విడిచిపెట్టడం దానికి తోడుగా ఉండాలి. ఇస్లాంలో తవక్కుల్, అంటే అల్లా మీద భారం వేయడం, గురించి ప్రవక్త సంప్రదాయాల్లో ఉన్న మాట కూడా ఇదే భావంలో నడుస్తుంది. ముందు ఒంటెను కట్టమని, ఆ తరవాత దేవుణ్ని నమ్మమని ఆయన ఒక ప్రయాణికుడికి చెప్పినట్టు ప్రసిద్ధి. ఆశ్రయ కేంద్రానికి వెళ్లమని పాస్టరు, పూజారి, ఇమాము చెబితే కదిలే వృద్ధులు, మైకులో అదే మాట పదిసార్లు వినిపించినా కదలరన్నది తీరప్రాంతంలో పనిచేసిన ప్రతి రెవెన్యూ ఉద్యోగికీ అనుభవమే. చిన్ననాటి స్నేహితుడు వచ్చి చెయ్యి పట్టుకుని "లేవరా, పోదాం" అంటే మారుమాట లేకుండా లేచేవారు ఇంకా ఎక్కువ.

ఉప్పెన నాటి చరిత్రలోనే ఇందుకు అందరూ ఎరిగిన ఒక నిదర్శనం ఉంది. పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు, గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు 1950 నాటి పల్లెటూరి పిల్ల నుంచి ఎన్నో సినిమాల్లో కలిసి నటించారు. శ్రీకృష్ణుడికీ అర్జునుడికీ మధ్య తగువు వచ్చి యుద్ధానికి దిగే కథ అయిన శ్రీకృష్ణార్జున యుద్ధము 1963లో వచ్చాక, పద్నాలుగేళ్ల పాటు వారు ఒకే తెర మీద కనిపించలేదు. ఆ దూరానికి కారణాలు ఏవైనా, 1977 ఆగస్టులో విడుదలైన చాణక్య చంద్రగుప్తతో అది ముగిసింది. మూడు నెలలు తిరక్కుండానే దివిసీమ మునిగింది, సొంత జిల్లాను ముంచిన ఆ ఉప్పెన బాధితుల కోసం ఆ ఇద్దరూ ఊళ్లు తిరిగి, జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. వారిలో రామారావు దైవభక్తికి పేరుపడ్డవారు, నాగేశ్వరరావు భక్తుల పాత్రలు ఎన్ని వేసినా తనకు దేవుడి మీద నమ్మకం లేదని బాహాటంగా చెప్పుకున్నవారు. జోలె పట్టడానికి ఆ తేడా అడ్డం రాలేదు. ఇదే జిల్లాలోని ముదునూరులో 1940లో గోరా నాస్తిక కేంద్రం నెలకొల్పారన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. దేవుణ్ని నమ్మేవారికీ నమ్మనివారికీ చోటున్న జిల్లా ఇది. ఆ రోజుల్లో దివిసీమ సహాయ, పునరావాస కార్యక్రమాలకు ఈ ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పెద్ద దిక్కుగా నిలవడం, మతసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు భేదం లేకుండా ఇళ్లూ ఆశ్రయ భవనాలూ కట్టడం ఈ ప్రాంతపు పెద్దలందరికీ తెలిసినదే.

స్నేహబంధాలు విపత్తు తరవాత ఆయుష్షును కూడా ప్రభావితం చేస్తాయని జపాను అనుభవం చూపింది. 1995 జనవరి 17న కోబె నగరాన్ని కూల్చిన భూకంపంలో ఆరు వేలకు పైగా మరణించారు. ఆ తరవాత వృద్ధులకు ప్రాధాన్యం ఇస్తూ, లాటరీ పద్ధతిలో తాత్కాలిక గృహాలు కేటాయించడంతో పాత పొరుగువారు తలో దిక్కుకూ పోయి, కొత్త గదుల్లో ఒంటరిగా చనిపోయి రోజుల తరబడి ఎవరికీ తెలియకుండా పడి ఉన్న వృద్ధుల ఉదంతాలు దేశాన్ని కలవరపెట్టాయి. న్యాయంగా ఉండాలన్న సదుద్దేశంతో చేసిన లాటరీయే మనుషులను విడదీసింది. 2011 మార్చి 11 నాటి సునామీ తరవాత సెండాయి సమీపంలోని ఇవనుమ పట్టణంలో కొన్ని కుటుంబాలను లాటరీ లేకుండా పాత వాడకట్టుల ప్రకారం గుంపుగా తరలించారు. అలా వెళ్లినవారిలో ఇరుగుపొరుగు రాకపోకలు కొనసాగాయని, లాటరీలో ఒంటరిగా ఇల్లు పొందినవారిలో అవి తగ్గాయని పరిశోధకులు ప్రచురించారు. కృష్ణా తీరంలో రేపు ఏ పునరావాస కాలనీ కట్టవలసి వచ్చినా ఈ పాఠం ఉపయోగపడుతుంది.

ఈ వినతికి ఒక అభ్యంతరం రావచ్చు. ప్రభుత్వం లౌకికమైనది, దైవభక్తిని ప్రోత్సహించడం దాని పని కాదు. స్నేహం సొంత విషయం, దాన్ని కార్యాలయ ఉత్తర్వుతో పుట్టించలేరు. రెండు మాటలూ నిజమే. అయితే ఈ లేఖ భక్తిని ప్రచారం చేయమని గాని, స్నేహాలను కల్పించమని గాని అడగడం లేదు. ఉన్న స్నేహాలకు తోవ చూపమని, ఉన్న నమ్మకాలకు చోటివ్వమని మాత్రమే అడుగుతోంది. తిరునాళ్లకు బస్సులు నడపడం, ఉత్సవాలకు బందోబస్తు పెట్టడం ప్రభుత్వం ఎప్పుడూ చేస్తున్నదే. అదే ఏర్పాటు ఒక సంతాప దినానికి చేయడం కొత్త సంగతి కాదు. ఈ దృష్టితో జిల్లా యంత్రాంగం ముందు నాలుగు కోరికలు ఉంచడం జరుగుతోంది.

మొదటిది, 2027 నవంబరు 19 శుక్రవారం, 20 శనివారం, 21 ఆదివారం ఈ మూడు రోజులనూ కలయిక రోజులుగా ప్రకటించాలి. శుక్రవారం జుమా నమాజు, శనివారం వెంకటేశ్వరుడి దర్శనం, ఆదివారం చర్చి ఆరాధన ఎలాగూ జరిగే రోజులే కాబట్టి, దూరపు ఊళ్ల నుంచి వచ్చినవారికి తమ తమ ప్రార్థనాస్థలమే కలుసుకునే చోటు అవుతుంది. ఏ మతానికీ చెందనివారి కోసం ప్రతి మండల కేంద్రంలో ఒక బడి ప్రాంగణాన్ని తెరిచి ఉంచవచ్చు. దీనికి ముందుగా ప్రతి గ్రామ సచివాలయంలో ఒక పుస్తకం ఉంచి, పాత నేస్తాన్ని వెతుక్కునేవారు ఆ నేస్తం పేరు, చదివిన బడి, చివరిగా చూసిన ఏడు రాసే వీలు కల్పించాలి. ఎదుటి వ్యక్తి ఒప్పుకున్న తరవాతే చిరునామా తెలపాలి. ఏళ్ల క్రితం ఏదో కారణంతో దూరమైన మనిషి కలవడానికి ఇష్టపడకపోతే ఆ ఇష్టాన్నీ గౌరవించాలి.

రెండవది, తీర మండలాల్లో తుఫాను వేళ తరలించవలసిన ఒంటరి వృద్ధుల జాబితా తయారుచేసేటప్పుడు, ప్రతి పేరు పక్కన వారు నమ్మే ఒక మనిషి పేరు, ఫోను నంబరు రాసుకోవాలి. ఆ మనిషి కొడుకో కూతురో అయి ఉండనక్కరలేదు. బంటుమిల్లిలోనో పెడనలోనో గుడివాడలోనో ఉన్న పాత స్నేహితుడు కావచ్చు. తరలింపు ఉత్తర్వు వెలువడగానే ఫోను ముందు అక్కడికి వెళ్లాలి. ఆశ్రయ కేంద్రంలో మూడు రాత్రులు తెలియని జనం మధ్య గడపడం కన్నా, వీలున్నవారికి ఆ నేస్తం ఇంట్లో గడపడమే మేలు.

మూడవది, పూరిళ్ల మధ్య పక్కా కట్టడమంటే బడి, గుడి, చర్చి, మసీదు అన్నది ఇప్పటికీ చాలా పల్లెల్లో నిజం కాబట్టి, ఇంజనీర్లు పరీక్షించి తగినవని తేల్చిన ప్రార్థనాస్థలాలను తాత్కాలిక ఆశ్రయాలుగా గుర్తించి, వాటి కమిటీలతో ముందుగానే రాతపూర్వకమైన అవగాహన కుదుర్చుకోవాలి. గాలి మొదలైన రాత్రి తాళం చెవి ఎవరి దగ్గరుంది, ఆయన ఊళ్లో లేకపోతే రెండో చెవి ఎవరి దగ్గరుంది, కులం అడగకుండా తలుపు తీసే బాధ్యత ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఆ కాగితం మీద ఉండాలి. దేవుడి మీద నమ్మకం ఆ రాత్రి నిజంగా పరీక్షకు నిలబడేది ఆ తలుపు దగ్గరే.

నాలుగవది, నష్టపరిహారం, సహాయం పంపిణీలో దరఖాస్తు రాని ఇళ్లను విడిగా చూడాలి. దరఖాస్తు లేదంటే కష్టం లేదని అర్థం కాదు. కౌలుదారులు, ఒంటరి మహిళలు, వృద్ధులు ఉన్న ప్రతి వాడకట్టులో వారిని చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఒకరిద్దరిని అడిగి తెలుసుకునే పద్ధతి ఉంటే, మూట దాచుకున్న ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. పునరావాస గృహాలు కేటాయించవలసి వస్తే, లాటరీకి ముందు పాత పొరుగువారు కలిసి ఉండాలని కోరుకునే అవకాశం ఇవ్వాలి.

ఈ నాలుగింటిలో దేనికీ కొత్త శాఖ అవసరం లేదు, పెద్ద బడ్జెట్ అవసరం లేదు. ఉన్న సచివాలయాలు, ఉన్న రిజిస్టర్లు, ఉన్న భవనాలు చాలు. కావలసినదల్లా ముందుచూపు, ఒక ఉత్తర్వు. ఇందుకు తొందర ఎందుకన్న ప్రశ్నకు లెక్క చాలా సులభం. 1977లో పదేళ్ల పిల్లవాడికి 2027లో అరవై ఏళ్లు, ఇరవై ఏళ్ల యువకుడికి డెబ్భై ఏళ్లు నిండుతాయి. ఆనాడు చెయ్యి పట్టుకుని తెల్లవార్చిన ఇద్దరు ఇంకా బతికి ఉండి, నడవగలిగి, ఒకరినొకరు గుర్తుపట్టగలిగే చివరి పెద్ద సందర్భం ఇదే కావచ్చు. ఉప్పెనకు డెబ్భై అయిదేళ్లు నిండినప్పుడు సభ పెడితే వేదిక మీద నాయకులు, కింద మనవలు ఉంటారు గాని ఆ ఇద్దరు ఉండరు. కాబట్టి జిల్లా కలెక్టర్ గారు ఈ వినతిని పరిశీలించి, నేస్తాల పుస్తకాన్ని వీలైనంత త్వరలో గ్రామ సచివాలయాల్లో తెరిపించి, 2027 నవంబరు మూడు రోజుల కార్యక్రమానికి అన్ని మతాల పెద్దలతోనూ మత్స్యకార, రైతు, కూలీ సంఘాలతోనూ ఒక సమావేశం ఏర్పాటు చేయాలని సవినయంగా కోరడమైనది.

ఇట్లు,
బంటుమిల్లి ప్రాంత పౌరులు
కృష్ణా జిల్లా